రామేశ్వరం దారిలో... నీమో ఇల్లు

రామేశ్వరం వెళ్లేవాళ్లంతా పాంబన్ వంతెన చూస్తారు. దానికి కాస్త ముందుండే మండపాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. చనిపోయిన ఓ సముద్రపు పువ్వు మమ్మల్ని అక్కడ దించింది!

తెల్లవారుజామున రైలు రామనాథపురం దాటిందంటే పెట్టెలో సందడి మొదలవుతుంది. పెద్దవాళ్లు సంచుల్లోంచి తువ్వాళ్లు తీసి పెట్టుకుంటారు. పిల్లలు కిటికీల దగ్గర చేరతారు. అందరి చూపూ రాబోయే పాంబన్ వంతెన మీదే. 1914 నాటి పాత వంతెన మీద రైళ్లు 2022 డిసెంబరులో ఆగిపోయాయి. పక్కనే కట్టిన కొత్తది 2025 ఏప్రిల్‌లో మొదలైంది. ఓడ వస్తే మధ్య భాగం లిఫ్టులా నిట్టనిలువుగా పైకి లేస్తుంది. అంత వింత ముందుండగా, వంతెనకు ఇవతలే ఉన్న మండపం స్టేషన్లో దిగేదెవరు?

మేం దిగాం. మా అమ్మకు అస్సలు నచ్చలేదు.

‘‘ఇరవై రెండు తీర్థాల్లో స్నానం చేయిస్తానని తీసుకొచ్చి ఇక్కడ దింపావేంట్రా?’’

‘‘ఒక్కపూటేనమ్మా. సాయంత్రానికల్లా రామేశ్వరంలో ఉంటాం.’’

‘‘చేపల్ని చూడ్డానికి ఇంత దూరం రావాలా? మన రామ్‌నగర్ మార్కెట్లో లేవూ?’’

నా కూతురు మాత్రం ఏమీ అనలేదు. దానికి తొమ్మిదేళ్లు. ఎందుకు దిగామో దానికి తెలుసు.

మూడు రోజుల ముచ్చట

అంతా ఓ సినిమాతో వచ్చింది. ‘ఫైండింగ్ నీమో’ వచ్చింది 2003లో. మా అమ్మాయి పుట్టడానికి చాలా ముందు. అయినా ఇవాళ్టికీ ఏ అక్వేరియం షాపుకి వెళ్లినా పిల్లలు అడిగేది ‘నీమో’నే. నారింజ రంగు ఒళ్లు, మూడు తెల్ల పట్టీలు, బుడిబుడి ఈత. దాని అసలు పేరు క్లౌన్‌ఫిష్. అది కాపురం ఉండేది సీ ఎనిమోన్ అనే జీవి మీద. చూడ్డానికి అచ్చం పువ్వులా ఉంటుంది కానీ అది జంతువే. రేకుల్లా ఊగేవన్నీ దాని చేతులు.

పుట్టినరోజుకి ఏం కావాలంటే ‘నీమో కావాలి, నీమో ఇల్లు కూడా కావాలి’ అంది. సరేనని నగరంలోని ఓ షాపుకెళ్లాను. రెండడుగుల ట్యాంకు, ఓ ఫిల్టరు, ప్యాకెట్ ఉప్పు, చేపల జత, పాలలా తెల్లగా మెరిసిపోతున్న ఎనిమోన్ ఒకటి. ‘‘ఉప్పు కలిపి మూడు రోజులు ఫిల్టర్ తిప్పండి సార్. నాలుగో రోజు అన్నీ వేసేయండి’’ అన్నాడాయన. నేనూ అలాగే చేశాను.

మొదటిరోజు ఇంటిల్లిపాదీ టీవీ కట్టేసి ట్యాంకు ముందే కూర్చున్నాం. రెండోరోజు ఎనిమోన్ ఉన్నచోట లేదు. మెల్లగా జరుగుతూ మరో మూలకి చేరింది. ‘అబ్బ, నడుస్తోంది!’ అని మురిసిపోయాం. మూడోరోజు రాత్రి అది ఫిల్టర్ గొట్టం దగ్గరికి వెళ్లి అందులో ఇరుక్కుంది. పొద్దున లేచేసరికి ట్యాంకు మజ్జిగలా ఉంది. హాలంతా ఒకటే కుళ్లు కంపు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మధ్యాహ్నానికి ఒకటి పోయింది. సాయంత్రానికి రెండోది.

వాటిని మందార మొక్క కింద పూడ్చేటప్పుడు మా అమ్మాయి అడిగింది... ‘‘నాన్నా, మనమే చంపేశామా?’’

నేను జవాబు చెప్పలేదు. ట్యాంకు కడిగి అటక మీద పెట్టేశాను. కానీ ఆ ప్రశ్న అటకెక్కలేదు. ఎక్కడ తప్పు చేశానో తెలుసుకుందామని దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాను. మన దేశంలో క్లౌన్‌ఫిష్ గురించి ఏం చదివినా ఓ ఊరి పేరు మళ్లీ మళ్లీ ఎదురయ్యేది... మండపం. అమ్మ ఎలాగూ రామేశ్వరం అంటూనే ఉంది. వేసవి సెలవుల్లో టిక్కెట్లు తీశాను.

రెండు సముద్రాల నడుమ

మండపం ఓ సన్నటి నేల పట్టీ. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. ఒకే ఊరికి రెండు సముద్రాలు. రెండిటికీ రెండు స్వభావాలు. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో ఉత్తరం వైపు కడలి అల్లకల్లోలంగా ఉంటే, నైరుతి గాలి తిరిగాక దక్షిణం వైపు పోటెత్తుతుంది. మేం వెళ్లింది ఏప్రిల్ నెలాఖరు. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ మరపడవల వేటకు విరామం కదా, పడవలన్నీ ఒడ్డున వరసగా సెలవు తీసుకుంటున్నాయి. పాక్ అఖాతం చెరువులా ఉంది.

దక్షిణం వైపున్నది మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ పార్కు. 1986లో ఏర్పాటైంది. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా 21 దీవులు, వాటి చుట్టూ పగడాల దిబ్బలు. అందులో రెండు దీవులు ఇప్పుడు నీటి అడుగున ఉన్నాయి. సున్నం కోసం చుట్టూ ఉన్న పగడాలను ఏళ్ల తరబడి తవ్వేస్తే, అలల్ని ఆపే అడ్డు లేక నేల కోసుకుపోయింది. అక్వేరియంలో పెట్టుకోవడానికి ‘లైవ్ రాక్’ కావాలని అడిగేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దిబ్బలు కట్టే పగడాలన్నిటికీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. ఆ రాళ్లు అమ్మినా, కొన్నా, ఇంట్లో దాచుకున్నా నేరమే.

పార్కు వైపు వెళ్లకుండా, ఉత్తరం వైపు ఓ నాటుపడవ మాట్లాడుకున్నాం. పడవ పెద్దాయనకు అరవై దగ్గర పడి ఉంటాయి. నా అరకొర తమిళం వినలేక ఆటో డ్రైవరే మధ్యవర్తిగా పడవెక్కాడు. అమ్మ రానంది. ఒడ్డున తాటిచెట్టు నీడలో కొందరు ఆడవాళ్లు సముద్రపు నాచు ఆరబెడుతుంటే వాళ్ల దగ్గర కూర్చుంది. కళ్లద్దాలు కట్టుకుని నీళ్లలో మునిగి నాచు ఏరడం ఇక్కడి ఆడవాళ్లకు తరతరాల పని.

దాక్కున్న పువ్వు

ఒడ్డు నుంచి కాస్త దూరం వెళ్లాక పెద్దాయన ఇంజిన్ ఆపాడు. నీళ్లు నడుము లోతే. అడుగున సముద్రపు గడ్డి పచ్చగా పరుచుకుని ఉంది. మధ్యమధ్యలో ఇసుక మడులు. పెద్దాయన దిగి నాలుగడుగులు వేసి చేయి ఊపాడు. మా అమ్మాయికి మాస్కు తగిలించి మెల్లగా దించాను.

ఇసుకలో అన్నం పళ్లెమంత గుండ్రటి తివాచీ. గోధుమ రంగులో పొట్టి పొట్టి చేతులు వేల కొద్దీ ఊగుతున్నాయి. దాని మీద నల్లటి ఒంటి మీద తెల్ల పట్టీలు, పసుపు తోకతో ఓ చేప. దాని వెనక ఇంకో రెండు చిన్నవి.

అమ్మాయి తల పైకెత్తింది. ‘‘నాన్నా, ఇది నీమో కాదు.’’

నిజమే. నారింజ రంగు నీమో మన దేశంలో కనిపించేది అండమాన్ దీవుల దగ్గర. ఇది ఈ తీరం చేప, సెబే క్లౌన్. క్లౌన్‌ఫిష్‌లు సుమారు ముప్ఫై జాతులున్నాయి. ఎనిమోన్లు వెయ్యికి పైనే. కానీ ఈ చేపల్ని ఇంట్లోకి రానిచ్చేవి పది జాతులే. ఆ చేతుల నిండా విషపు ముళ్లుంటాయి. వేరే చేప తగిలిందంటే అంతే. క్లౌన్‌ఫిష్ ఒంటి మీద జిగురు పూత వల్ల దానికి మాత్రం ఏమీ కాదు. అద్దె కూడా బాగానే కడుతుంది. ఎనిమోన్‌ని కొరుక్కుతినే చేపలొస్తే తరిమికొడుతుంది. దాని వ్యర్థాలే ఎనిమోన్ ఒంట్లో కాపురముండే నాచుకు ఎరువు. ఆ నాచు సూర్యకాంతితో వంట చేసి ఎనిమోన్‌కి పెడుతుంది. ఒకరి అన్నం ఇంకొకరి చేతిలో ఉందన్నమాట.

మా అమ్మాయి ఇంకాస్త దగ్గరికి వెళ్లింది. వేలెడంత చేప పారిపోలేదు సరికదా, మాస్కు మీదికి దూసుకొచ్చింది. పెద్దాయన నవ్వి, కాలి వేలితో పక్కన ఇసుక కదిపాడు. అంతే! తివాచీ ముడుచుకుంది. రెప్పపాటులో ఇసుకలోకి దిగిపోయింది. చేపలు మాత్రం అక్కడే ఖాళీ ఇసుక మీద గుండ్రంగా తిరుగుతున్నాయి, తలుపేసిన ఇంటి ముందు నిలబడ్డ పిల్లల్లా.

‘‘దీన్ని తీయాలంటే ఎలా?’’ అని అడిగాను.

పెద్దాయన చెప్పింది ఆటో డ్రైవర్ తెలుగూ తమిళమూ కలిపి వినిపించాడు. పైకి కనిపించేది సగమేనట. కింద పాదం ఇసుకలోపలి రాయిని పట్టుకుని ఉంటుంది. ఓపిగ్గా తవ్వితే గంట. తొందరపడి లాగితే పాదం చిరుగుతుంది. చిరిగిన పాదంతో అది ఎన్నాళ్లో బతకదు. ఒకప్పుడు ఎవరెవరో వచ్చి అడిగేవారట. ‘‘తీసిచ్చినవాళ్లకి టీ ఖర్చులు. పువ్వు పోయాక ఆ చేపలు ఎన్ని రోజులుంటాయి? పెద్ద చేప వచ్చి తినేసి పోతుంది’’ అన్నాడు.

మా అమ్మాయి ఆటో డ్రైవర్ వంక, పెద్దాయన వంక మార్చి మార్చి చూసింది. ఏమీ అడగలేదు.

కుండలో పుట్టిన చేపలు

మధ్యాహ్నం కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అక్వేరియంకి వెళ్లాం. 1947లో మొదలైన ఈ సంస్థకు చాలా ఏళ్లు మండపమే ప్రధాన కేంద్రం. 1971లో అది కొచ్చికి మారింది. ఇక్కడి కేంద్రం, కేరళలోని విళింజం కేంద్రం కలిసి మన దేశంలో క్లౌన్‌ఫిష్‌ని హేచరీలో పుట్టించే పద్ధతులు రూపొందించాయి.

ఈ చేపల సంసారం విచిత్రంగా ఉంటుంది. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది. తర్వాతిది మగది. మిగతావి పిల్లల కింద లెక్క. ఆడది చనిపోతే మగదే ఆడదిగా మారిపోతుంది! మిగిలిన వాటిలో పెద్దది మగస్థానంలోకి వస్తుంది. హేచరీలో ఒక జతను కలిపి ఉంచి ఓ మట్టికుండో, పెంకో వేస్తారు. దాని మీద ఆడది గుడ్లు పెడుతుంది. తండ్రి రెక్కలతో విసురుతూ కాపలా కాస్తుంది. సుమారు వారానికి చీకటిపడ్డాక పిల్లలు బయటికొస్తాయి. కంటికి ఆనని రోటిఫర్లు, ఆ తర్వాత ఆర్టీమియా మేతగా వేస్తారు. రెండు వారాలు దాటేసరికి ఒంటి మీద పట్టీలు కనిపిస్తాయి.

ఇందులో నన్ను ఆపేసిన సంగతి ఒక్కటే. ఈ పిల్లలు పుట్టి పెరిగేదంతా ఎనిమోన్ లేకుండానే. సముద్రంలో శత్రువుల నుంచి కాపాడుకోవడానికి దానికి ఎనిమోన్ కావాలి. ట్యాంకులో శత్రువులే లేరు కదా! అంటే నీమోకి ‘నీమో ఇల్లు’ తప్పనిసరి కాదు. మనం చూసి మురవడానికే ఆ ఇల్లు. ఆ మురిపెం కోసం దాన్ని ఇసుకలోంచి పెకలించి తెచ్చుకుంటున్నాం.

మా ట్యాంకులో పాలలా మెరిసిన ఎనిమోన్ సంగతీ అక్కడే అర్థమైంది. ఆ తెలుపు అందం కాదు, రోగం. వేడికో, చీకటికో లోపలి నాచు పోయినప్పుడు ఎనిమోన్, పగడం రెండూ అలా తెల్లబడతాయి. 2010లో, 2016లో మన్నార్ సింధుశాఖలో పగడాలు అలాగే తెల్లబోయాయి. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రపంచమంతటా ఇది నాలుగోసారి జరుగుతోందని ప్రకటించారు. నేను కొనేటప్పటికే అది ఆకలితో ఉంది.

బాగా చూసుకుంటే ఎనిమోన్ ఎంతకాలం బతుకుతుంది? స్కాట్లాండ్‌లో సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి పరిశోధకుడు 1828లో ఓ ఎనిమోన్‌ని తీరం నుంచి తెచ్చి గాజు జాడీలో పెట్టుకున్నాడు. ఆయన 1851లో పోయాడు. అది చేతులు మారుతూ ‘గ్రానీ’ అనే పేరుతో 1887 దాకా బతికింది. చనిపోతే పత్రికలో వార్త రాశారు! అది చల్లటి నీళ్లలో ఉండే మొండి జాతి, నిజమే. కానీ యజమాని కన్నా ఎక్కువ బతికే ప్రాణిని నేను మూడు రోజుల్లో చంపాను.

సాయంత్రం పాంబన్ వంతెన మీద అమ్మాయి నా పక్కన కూర్చుని అంది... ‘‘మనమే చంపాం కదా నాన్నా?’’

‘‘అవునమ్మా. తెలియక.’’

‘‘ఇప్పుడు తెలిసింది కదా’’ అని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఈసారి తొందరపడలేదు

ఇంటికొచ్చాక నాలుగడుగుల ట్యాంకు తెచ్చాం. నీళ్లు 200 లీటర్లకు పైనే. చిన్న ట్యాంకు చాలు, పని తక్కువ అనుకుంటాం. అది తప్పు. నీళ్లు తక్కువైతే చిన్న పొరపాటు కూడా పెద్దదవుతుంది. బరువు పావు టన్ను దాటుతుంది కాబట్టి స్టాండు గట్టిగా ఉండాలి.

నీళ్లు: కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఆర్వో నీళ్లే వాడాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం లాంటివి చాలా ఉంటాయి. అందుకే అక్వేరియం కోసం తయారుచేసే సముద్రపు ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు కలపాలి. సాంద్రత 1.023 నుంచి 1.026 మధ్య ఉందో లేదో కొలిచి చూసుకోవాలి. ఆవిరైపోయేది నీరే, ఉప్పు కాదు. కాబట్టి రోజూ తగ్గినంత మేరకు మంచినీళ్లే పోయాలి. ఇక్కడ ఉప్పునీళ్లు పోసి చేపల్ని పోగొట్టుకునేవాళ్లు ఎందరో!

ఓపిక: అసలు పరీక్ష ఇదే. చేపల వ్యర్థాల నుంచి అమోనియా పుడుతుంది. అది విషం. ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరోరకం ఆ నైట్రైట్‌ని అంతగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా చేపలు వద్దు. మేం ఓ రొయ్య ముక్క వేసి వదిలేశాం. అమ్మాయి వారానికి రెండుసార్లు టెస్ట్ కిట్‌తో చూసి పాత నోటు పుస్తకంలో రాసేది. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చేసరికి 38 రోజులు పట్టింది.

రాళ్లు: పగడపు రాళ్లు కాదు. అక్వేరియం కోసం పింగాణీతో చేసే కృత్రిమ రాళ్లు దొరుకుతాయి. బ్యాక్టీరియాకి అవి చాలు.

వేడి, కరెంటు: నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. హైదరాబాద్ మే నెలలో అది కుదరాలంటే చిల్లర్ కొనాల్సిందే. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఒకటి రెండు డిగ్రీలు తగ్గుతుంది. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే గాలిపంపు సిద్ధంగా ఉండాలి. వారానికి పది శాతం నీళ్లు మార్చాలి.

చేపలు: హేచరీలో పుట్టినవే అడగండి. అవి మొదటిరోజు నుంచే గుళికల మేత తింటాయి. ట్యాంకు బతుకు వాటికి కొత్త కాదు. చిన్నవి రెండు తెస్తే వాటిలో ఒకటి ఆడది అవుతుంది. బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు బతికిన సందర్భాలున్నాయి.

ఎనిమోన్ కావాల్సిందే అనేవాళ్లకి ఓ మాట. ట్యాంకు ఏడాది నడిచాక ఆలోచించండి. బలమైన లైట్లు కావాలి. పంపులకు జాలీలు తప్పనిసరి. అది నడుస్తుందని మర్చిపోవద్దు. బబుల్ టిప్ అనే రకం ట్యాంకులోనే రెండుగా చీలి పెరుగుతుంది. అలా ఇంకొకరి ట్యాంకులో చీలిన ముక్క దొరికితేనే తీసుకోండి. నోరు బిగించి, రంగు నిండుగా ఉండాలి. తెల్లగా మెరిసేదాన్ని ముట్టుకోవద్దు.

పువ్వేదిరా?

నలభయ్యో రోజు రెండు చేపలు తెచ్చాం. సంచి నీళ్లలోకి కొంచెం కొంచెంగా మా నీళ్లు కలుపుతూ, గంటసేపు అలవాటు చేసి వదిలాం. రెండు రోజులు అద్దానికి అతుక్కుని మూలనే ఉన్నాయి. మూడోరోజు మా అమ్మాయి నానమ్మ దగ్గర ఓ పాత మట్టిచట్టి అడిగి తెచ్చింది. నేతి మరకా, మసీ లేని కొత్తలాంటి చట్టే. వేడినీళ్లతో కడిగి ఇసుక మీద పక్కకి వాల్చి పెట్టింది. సాయంత్రానికల్లా రెండూ అందులో చేరాయి. కాస్త పెద్దగా ఉన్నది లోపల, చిన్నది గడప దగ్గర.

మూడు రోజుల గండం దాటింది. మూడు నెలలూ దాటాయి. అమ్మాయి నోటు పుస్తకంలో సగం పేజీలు నిండాయి. పక్కింటివాళ్లొస్తే నీళ్లు ఎందుకు మారుస్తారో అదే చెబుతుంది.

మా అమ్మ మాత్రం రోజూ పూజ అయ్యాక కాఫీ గ్లాసుతో వచ్చి ట్యాంకు ముందు కూర్చుంటుంది. మొన్నొకరోజు చాలాసేపు చూసి అడిగింది...

‘‘అన్నీ బాగున్నాయి కానీ, పువ్వేదిరా?’’

నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి చెప్పింది. ‘‘మండపంలో ఉంది నానమ్మా. ఇసుకలో.’’